కొండెక్కేటప్పుడు ఊపిరాడని వ్యాన్

ప్రెస్టన్ నుంచి ఎం6 మీద ఉత్తరానికి వెళ్తుంటే, కెండల్ దాటాక రోడ్డు షాప్ కొండల్లోకి ఎక్కడం మొదలుపెడుతుంది. జూన్‌లో ఒక శనివారం సరిగ్గా అక్కడే మా పాత క్యాంపర్ వ్యాన్ నీరసించింది. మావారు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టినా 60 మైళ్ల వేగం 50 అయింది, 40 అయింది, 30కి వచ్చింది. వెనక అద్దం నిండా లారీ హెడ్‌లైట్లే. పిల్లలిద్దరూ వెనక కూర్చుని జంతికల డబ్బా కోసం కొట్టుకుంటున్నారు. వాళ్లమీద ఒక్క అరుపు అరిచి హజార్డ్ లైట్ల బటన్ నొక్కాను. ఎడమ లేన్‌లో పాకుతూ పాకుతూ టీబే సర్వీసెస్‌లో వచ్చి పడ్డాం. టీ తాగి, పదిహేను నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే, తనకేమీ తెలియనట్టు కొండెక్కేసింది.

చిక్కంతా అక్కడే. పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేయడం తేలిక. డాక్టర్ గుమ్మం తొక్కగానే తగ్గిపోయే పిల్లల జ్వరంలా, ఇది మెకానిక్ ముందు ఒక్కసారి కూడా నీరసపడలేదు. ఆయన ఊళ్లో పది నిమిషాలు తిప్పి తెచ్చి, "టర్బో అయ్యుండొచ్చు, మార్చాలంటే 1,100 పౌండ్లు" అన్నాడు. అడిగింది నేను, జవాబు చెప్పింది మావారి మొహం చూసి. అది సరే, "అయ్యుండొచ్చు" అనే మాటకి 1,100 పౌండ్లా?

ఆగస్టులో అత్తయ్య, మామయ్య వస్తున్నారు. స్కాట్లాండ్ చూపిస్తామని మాటిచ్చేశాం. మామయ్యకి మోకాళ్ల నొప్పులు, ఎక్కడ కావాలంటే అక్కడ నడుం వాల్చొచ్చని వ్యాన్‌లో వెళ్దామనుకున్నాం. ఆ వయసువాళ్లని మోటార్‌వే అంచున నిలబెట్టే ధైర్యం మాకు లేదు. "అమ్మేద్దాం" అన్నారు మావారు. నేను నాలుగు వారాలు గడువు అడిగాను.

మాది 1998 నాటి డీజిల్ బండి. ఇంధనం పంపేది మామూలు యాంత్రిక పంపు. ప్లగ్ పెట్టగానే తప్పేమిటో చెప్పే కంప్యూటర్ ఇందులో లేదు. (యూరప్‌లో కొత్త కార్లకి ఆ ప్లగ్ పెట్రోల్‌వైతే 2001 నుంచి, డీజిల్‌వైతే 2004 నుంచి తప్పనిసరి అయింది.) కాబట్టి రాసుకునే పని మనదే. పెద్దాడి స్కూల్ నోట్‌బుక్ ఒకటి తీసి గళ్లు గీశాను: బయల్దేరి ఎన్ని నిమిషాలైంది, ఎక్కుడా దిగుడా, ట్యాంకులో ఎంతుంది, బయట ఎండెంత, వెనక పొగ ఏ రంగు. ఎంతసేపు ఆగితే కోలుకుంది అన్న గడి వారం తర్వాత కలిపాను. అన్నిటికంటే ఎక్కువ చెప్పింది అదే.

ఎందుకంటే బండి కోలుకునే తీరు ఒక్కో జబ్బుకి ఒక్కోలా ఉంటుంది. కాస్త కొత్త బండ్లలో తాళం తీసి వెంటనే వేస్తే శక్తి తిరిగొచ్చిందంటే, ఏదో తేడా చూసి కంప్యూటరే ఇంజిన్‌ని తగ్గించి ఉంటుంది. పాత పెట్రోల్ వ్యాన్లలో ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కి మొరాయిస్తే, అది చల్లబడేదాకా ఆగాలి. చలి, తేమ కలిసిన రోజుల్లో కార్బ్యురేటర్ లోపల మంచు కడుతుంది, ఆగితే ఇంజిన్ వేడికే కరిగిపోతుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి దీని తిరగేసిన కథ తెలిసే ఉంటుంది: మండుటెండలో పైపులోనే పెట్రోల్ ఆవిరై పంపుకి అందదు. మా బండికి తాళం తీసి వేస్తే గుణం లేదు. పది, పదిహేను నిమిషాలు కావాలి. ఎండైనా వానైనా అంతే. బయల్దేరిన 45 నిమిషాల తర్వాతే, అదీ మోటార్‌వే మీదే. ఊళ్లో ఎంత తిప్పినా ఏమీ కాదు.

ఇక పొగ. డీజిల్ ఇంజిన్‌కి గాలి చాలకపోతే ఇంధనం సరిగా కాలక మామూలుగా నల్లపొగ కక్కుతుంది. టర్బో పోయినా, దాని గొట్టం చిరిగినా అంతే. నేను వెనక కిటికీలోంచి ఎన్నిసార్లు చూసినా పొగ లేదు. అంటే గాలికి లోటు లేదు, తిండికే లోటు. టర్బో మీద నాకు అనుమానం పోయింది.

డీజిల్ ఫిల్టర్ మార్చాం, తేడా లేదు. పంపుకి ముందు ఒక చిన్న పారదర్శకమైన పైపు వేయించాం, ఎక్కడైనా గాలి పీలుస్తుంటే బుడగలు కనిపిస్తాయని. ఒక్క బుడగా లేదు. మావారు అమ్మకం ప్రకటనకి ఫొటోలు తీయడం మొదలుపెట్టారు.

ఆ ఆదివారమే లాంకాస్టర్ దగ్గర డీజిల్ పోయించడానికి ఆగి మూత తిప్పితే "ఉస్స్"మంది. ఇంతకుముందు కూడా అనేది, నేనే పట్టించుకోలేదు. ఆ చప్పుడుకి ఎందుకో మా నాన్నమ్మ నూనె డబ్బా గుర్తొచ్చింది. పండక్కి తెచ్చిన 15 కిలోల డబ్బాకి ఆవిడ మేకుతో ఎదురెదురు మూలల్లో రెండు చిల్లులు కొట్టేది. ఒక్కటే కొడితే నూనె గుటక గుటకగా వచ్చి ఆగిపోతుంది. బయటికెళ్లిన నూనె చోటులోకి గాలి రావాలి కదా! నేను బీఎస్సీలో మూడేళ్లు చదివిన భౌతికశాస్త్రం అంతకు ముందే ఆవిడ చేతిలో ఉంది.

లెక్క వేశాను. మా బండి గ్యాలన్‌కి 30 మైళ్లు ఇస్తుంది. 60 మైళ్ల వేగంలో గంటకి రెండు గ్యాలన్లు, అంటే తొమ్మిది లీటర్లు. ట్యాంకులోకి గంటకి తొమ్మిది లీటర్ల గాలి రావాలి. ఆ దారి సగం మూసుకుంటే ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిపోతుంది, మోటార్‌వే మీద చాలదు. లోపల పీడనం తగ్గుతూ తగ్గుతూ, పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. బండి ఆపితే గాలి మెల్లగా చేరి పీడనం సర్దుకుంటుంది. ఆ పదిహేను నిమిషాలు దానికే అన్నమాట.

ఊహ బాగుంది, రుజువు కావాలి. పిల్లల్ని స్నేహితురాలి ఇంట్లో వదిలి మళ్లీ బయల్దేరాం. నీరసం మొదలవగానే జంక్షన్ 38లో దిగి, బండ్లు తక్కువుండే ఏ685 పక్కన ఖాళీ చోటులో ఆపాం. మూత ముట్టుకోకుండా, ఒక్క నిమిషంలో మళ్లీ స్టార్ట్ చేశాం. ఎక్కుడులో అదే నీరసం. మళ్లీ ఆపి, ఇంజిన్ కట్టేసి, మూత తిప్పాను. ఉస్స్! మూత బిగించి ఒక్క నిమిషంలోనే బయల్దేరాం. మూడో గేరులో ఎగిరినట్టు ఎక్కింది. మావారు ఏమీ మాట్లాడలేదు, నా వైపు చూసి నవ్వారంతే. (పెట్రోల్ బండికి ఇలా చేయకండి. వేడి మీద ఆవిరి ఎగదన్నుతుంది, పైగా బాగున్న పెట్రోల్ ట్యాంకు కూడా కొంచెం "ఉస్స్" అంటుంది.)

వ్యాన్ కింద పడుకుని చూస్తే దొరికింది. ట్యాంకు పైనుంచి మూత దగ్గరికి వెళ్లే గాలి గొట్టం, సింకు మురుగునీళ్ల డబ్బాని కట్టే ఇనప పట్టీ కింద నలిగి చపాతీలా ఉంది. డబ్బా చప్పుడు చేస్తోందని ఏప్రిల్‌లో ఆ పట్టీని గట్టిగా బిగించింది మావారే. జబ్బు మొదలవడానికి ముందు బండికి ఏం చేశామన్న గడి నా నోట్‌బుక్‌లో లేనే లేదు! కొత్త గొట్టం ఎనిమిది పౌండ్లు. ఆ పట్టీని రెండు అంగుళాలు పక్కకి జరిపి కట్టాం.

మోటార్‌వే మీద అందరికీ ఇలా సర్వీసెస్ దాకా పాకే అదృష్టం ఉండకపోవచ్చు. బండి మొరాయిస్తే తర్వాతి ఎగ్జిట్ దాకా లాగించడానికి చూడండి. కుదరకపోతే ఎమర్జెన్సీ ఏరియాలోనో హార్డ్ షోల్డర్‌లోనో ఆపి, అందరూ ఎడమ తలుపుల నుంచే దిగి, కంచె అవతల నిలబడి సాయానికి ఫోన్ చేయాలి. హెచ్చరిక త్రికోణం మోటార్‌వే మీద పెట్టకూడదు. అత్తయ్య, మామయ్య రాగానే మొదటి రోజే ఇదంతా వాళ్లకి రెండుసార్లు చెప్పాను. "కాఫీ అయినా తాగనిస్తావా అమ్మా?" అన్నారు మామయ్య.

ఆగస్టు రెండో వారంలో షాప్ కొండ ఎక్కాం. మామయ్య నిద్రపోతున్నారు, స్పీడు 50కి తగ్గలేదు. టీబేలో ఆగాం, అత్తయ్యకి గొర్రెల్ని చూపించడానికి.