ఉత్తరం సర్కారుది... పెట్రోల్ పోస్ట్‌మ్యాన్‌ది!

బ్రిటన్‌లో ఒకే వ్యాన్‌లో ఇద్దరు పోస్ట్‌మ్యాన్లు వెళ్లాలా వద్దా అన్నది పెద్ద చర్చ. మన బుచ్చిరెడ్డిపాలెం చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగే డాక్ సేవక్‌కి అసలు వ్యానే లేదు. అయినా ఇక్కడా షేరింగ్ నడుస్తోంది. కాకపోతే తిరగబడి!

‘ఔట్ ఫర్ డెలివరీ’ అని మెసేజ్ రాగానే పార్సిల్ ఎక్కడుందో ట్రాక్ చేస్తాం. ఏ ఊరు దాటింది, ఏ ఆఫీసుకు చేరింది, అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి. కనిపించనిది ఒక్కటే. చివరి ఆరేడు కిలోమీటర్లు అది ఎవరి బండి మీద వస్తోంది, ఆ బండికి పెట్రోల్ ఎవరు కొట్టించారు అన్నది.

ఒక వ్యాన్, ఇద్దరు మనుషులు

ముందు బ్రిటన్ సంగతి చూద్దాం. అక్కడ రాయల్ మెయిల్ పోస్ట్‌మ్యాన్లు ఒకప్పుడు సైకిళ్ల మీదే తిరిగేవాళ్లు. గత పదిహేనేళ్లలో ఆ సైకిళ్లు దాదాపు మాయమై, వాటి బదులు వ్యాన్లొచ్చాయి. చాలాచోట్ల ఇద్దరికి ఒక వ్యాన్. దాన్ని ఓ వీధి చివర ఆపుతారు. చెరో బ్యాగు భుజానికి తగిలించుకుని చెరో వైపు ఇళ్లన్నీ చుట్టి, మళ్లీ వ్యాన్ దగ్గరికొస్తారు. ఆ తర్వాత ఇంకో వీధికి.

వినడానికి బాగానే ఉంది కదా! కానీ ఒకరికి ఆలస్యమైతే రెండోవాళ్లు ఆగాల్సిందే. వ్యాన్ చెడిపోతే రెండు రూట్లూ ఆగిపోతాయి. డ్రైవింగ్ ఎవరిది, ఆ అలసట ఎవరిది అన్నది ఇంకో లెక్క. 2020లో కరోనా రావడంతో ఈ చిరాకంతా భయంగా మారింది. ఇరుకు క్యాబిన్‌లో ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటే దూరం పాటించేదెలా? కమ్యూనికేషన్ వర్కర్స్ యూనియన్ దీన్ని గట్టిగా పట్టుకుంది. చివరికి ఒక వ్యాన్‌లో ఒక్కరే అనే పద్ధతి తెచ్చారు. ఆంక్షలు సడలాక మళ్లీ ఇద్దర్ని ఎక్కించే మాట రాగానే, ఆందోళనా మళ్లీ మొదలైంది.

ఆ గొడవలో ఒక విషయం గమనించండి. వ్యాన్ కంపెనీది, డీజిల్ కంపెనీది, రిపేరు ఖర్చూ కంపెనీదే. పేచీ అంతా సీటు గురించే!

బుచ్చి దాకా ఒక లెక్క, తర్వాత ఇంకో లెక్క

ఇప్పుడు మన ఊరికొద్దాం. నెల్లూరులో పెన్నా దాటి, కోవూరు మీదుగా ముంబై రోడ్డు పట్టుకుంటే బుచ్చి. ఇక్కడి సబ్ పోస్టాఫీసు దాకా టపా సంచి వ్యాన్‌లోనో బస్సులోనో వస్తుంది. ఆ ఖర్చు శాఖదే. అక్కడి నుంచి పల్లెల్లోని బ్రాంచ్ పోస్టాఫీసులకు సంచి చేరాలన్నా, సంచి విప్పాక ఇంటింటికీ పంచాలన్నా గ్రామీణ డాక్ సేవక్‌లే దిక్కు. దేశం మొత్తం మీద దాదాపు రెండున్నర లక్షల మంది ఉన్నారు.

ఈ ఉద్యోగానికి నోటిఫికేషన్ చూసే ఉంటారు. పదో తరగతి మార్కులతో సెలక్షన్. దాని కింద ఇంకో అర్హత కూడా ఉంటుంది: సైకిల్ తొక్కడం వచ్చి ఉండాలి. సైకిల్ ఇస్తాం అని కాదు, తొక్కడం రావాలి అని! బ్రాంచ్ పోస్ట్‌మాస్టరైతే పోస్టాఫీసు నడపడానికి చోటు కూడా తనే చూసుకోవాలి. చాలా ఊళ్లలో అది వాళ్ల ఇంట్లో ముందు గదే. అంటే గది వాళ్లది, బండి వాళ్లది, బోర్డు మాత్రం ఇండియా పోస్ట్‌ది.

షేరింగ్ తిరగబడింది అన్నది ఇందుకే. బ్రిటన్‌లో కంపెనీ వ్యాన్‌ని ఇద్దరు ఉద్యోగులు పంచుకుంటారు. ఇక్కడ ఉద్యోగి తన సొంత బండిని శాఖతో పంచుకుంటాడు.

లెక్కేసి చూద్దామా

రోజుకి అటూ ఇటూ కలిపి 30 కిలోమీటర్లు తిరిగే ఓ డాక్ సేవక్‌ని ఊహించుకోండి. నెలకి 25 రోజులు. మొత్తం 750 కిలోమీటర్లు. బండి లీటరుకి 50 ఇస్తుందనుకుంటే 15 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకున్నా నెలకి 1,650. టైర్లు, ఆయిల్, పంక్చర్లు అదనం. చేల మధ్య గతుకుల దారుల్లో 50 మైలేజీ రావడం కూడా కష్టమే అనుకోండి.

మరి చేతికొచ్చేది? కమలేష్ చంద్ర కమిటీ సిఫార్సుల తర్వాత 2018 జూలై 1 నుంచి అమలైన స్కేలులో, టపా పంచే డాక్ సేవక్‌కి 4 గంటల పనికి మూలవేతనం 10,000, 5 గంటల పనికి 12,000. దాని మీద కరువు భత్యం కలుస్తుంది. అయినా ఆ పదివేల మూలంతో పోలిస్తే మన లెక్కలోని పెట్రోల్ ఖర్చు ఆరో వంతు. ఆ స్కేలు కూడా ఊరికే రాలేదు. 2018 మే 22 నుంచి 16 రోజులు దేశమంతా డాక్ సేవక్‌లు సమ్మె చేశాకే కేబినెట్ ఆమోదించింది.

బండి ఖర్చుకి విడిగా ఏమీ ఇవ్వరా అంటే, ఇస్తారు. పేరు చూడండి: సైకిల్ భత్యం! రెగ్యులర్ పోస్ట్‌మ్యాన్లకు ఇచ్చే ఈ భత్యాన్ని ఏడో వేతన సంఘం తీసేయమంది. తర్వాత వేసిన కమిటీ ఉంచమనడంతో 2017లో నెలకి 90 నుంచి 180 రూపాయలకు పెంచారు. డాక్ సేవక్‌లకూ సైకిల్ నిర్వహణ భత్యం అని ఒకటుంది. రోడ్డు మీద సైకిల్ పోయి మోటార్ సైకిల్ వచ్చి చాలా కాలమైంది. కాగితం మీద మాత్రం ఇంకా సైకిలే నడుస్తోంది.

సంచి మారింది

సైకిల్ రోజుల్లో సంచిలో ఉండేవి కార్డులు, కవర్లు, మనియార్డర్ ఫారాలు. ఇప్పుడు ఫోన్ కవర్ దగ్గర్నుంచి మిక్సీ దాకా ఏదైనా ఉండొచ్చు. స్పీడ్ పోస్ట్‌లో 35 కిలోల దాకా పంపొచ్చు. ప్రైవేటు కొరియర్లు ‘మీ పిన్‌కోడ్‌కి సర్వీసు లేదు’ అనేసే ఊళ్లకు కూడా పోస్టు వెళ్లి తీరాలి.

పార్సిలొక్కటే కాదు. 2018 సెప్టెంబర్ 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ మొదలయ్యాక, వేలిముద్ర పెట్టించుకుని గుమ్మం దగ్గరే డబ్బులిచ్చే పనీ వీళ్లకొచ్చింది. 2025లో రిజిస్టర్డ్ పోస్ట్‌ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. అదే ఏడాది అక్టోబర్ నుంచి ఓటీపీతో డెలివరీ సౌకర్యం కూడా వచ్చింది. మంచిదే! కాకపోతే ఫోన్ ఎత్తేదాకా, ఓటీపీ చెప్పేదాకా ఆ నాలుగైదు నిమిషాలు గుమ్మం ముందు ఎండలో నిలబడేది ఆయనే. కాగితం మీది 4 గంటలు మాత్రం సాగవు.

ఆడవాళ్లు చాలామంది ఈ ఉద్యోగంలోకి వస్తున్నారు. స్కూటీ ముందు ఒక పార్సిల్, వెనక ఒక పార్సిల్, భుజాన సంచి. వానాకాలంలో కాలవ గట్ల మీద బురద. నెల్లూరు జిల్లాలో తుపాన్లు కొత్త కాదు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. అలాంటి నేల మీద రెండు చక్రాల బండికి మోతాదు మించి లోడేస్తే, జారిపడినప్పుడు విరిగేది పార్సిల్ ఒక్కటే కాదు.

వ్యాన్ వస్తే అంతా సెట్టేనా?

పెద్ద నగరాల్లో పార్సిళ్ల కోసం నోడల్ డెలివరీ సెంటర్లు పెట్టి వ్యాన్లలో పంచడం ఇప్పటికే ఉంది. 2025లో తపాలా శాఖ ఇంకో అడుగు వేసింది. కొన్ని పోస్టాఫీసుల డెలివరీని ఒక్కచోటికి చేర్చే ఇండిపెండెంట్ డెలివరీ సెంటర్లు మొదలుపెట్టింది. ఉద్యోగ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. సెంటర్ దూరమైతే అక్కడికి వెళ్లి సంచి తీసుకుని మళ్లీ తన ఏరియాకి రావాలి. ఆ అదనపు దూరం కూడా సొంత బండి మీదేనా అన్నది సూటి ప్రశ్న.

బుచ్చి లాంటి చోట ఐదారు పల్లెలకు కలిపి ఒక వ్యాన్ ఇస్తే? బరువైన పార్సిళ్లన్నీ దాంట్లో వెళ్తే, డాక్ సేవక్ తేలికైన టపాతో హాయిగా తిరగొచ్చు. కానీ బ్రిటన్ అనుభవం ఉంది కాబట్టి, ముందే తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి.

సాఫ్ట్‌వేర్‌లో షేర్డ్ రిసోర్స్ అని ఒక మాట ఉంది. ఒకే వస్తువు ఇద్దరికి కావాలంటే, ఎవరు ఎంతసేపు వాడాలి, రెండోవాళ్లు ఎంతసేపు ఆగాలి అన్న రూల్ ముందే రాయాలి. రాయకపోతే ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురు చూస్తూ అక్కడే ఆగిపోతారు. వ్యాన్‌కీ అంతే. ఎదురుచూసిన టైమ్ డ్యూటీ కిందకు రావాలి. ఒకరి పార్సిల్ పోతే పక్కనున్నవాళ్ల మీదకు రాకుండా ఎవరి సంచికి వాళ్ల తాళం ఉండాలి. డ్రైవర్ వేరేగా ఉండాలి, లేదంటే నడిపినవాళ్లకు ఆ పనికి డబ్బులివ్వాలి. వ్యాన్ రాని రోజు సొంత బండి తీస్తే కిలోమీటరుకి ఇంత అని లెక్కగట్టి ఇవ్వాలి.

ఈ చివరిది వ్యాన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. ఎన్ని కిలోమీటర్లు తిరిగారో చెప్పడానికి చేతిలో ఫోనే ఉంది. పార్సిల్ ఎక్కడుందో నిమిషం నిమిషం చెప్పగలిగే సిస్టమ్‌కి, దాన్ని మోసిన బండి ఎంత దూరం తిరిగిందో లెక్కగట్టడం కష్టమా?

మన చేతిలో ఉన్నది

పాలసీ మన చేతిలో లేదు. అడ్రస్ ఉంది. డోర్ నంబర్, వీధి, పనిచేసే ఫోన్ నంబర్ సరిగ్గా ఇస్తే ఒక ట్రిప్పు మిగులుతుంది. పల్లెల్లో డోర్ నంబర్లతో పని కాదంటారా, 2025 మేలో వచ్చిన డిజిపిన్ ఉంది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకి చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి తపాలా శాఖ తయారు చేసింది. పది అక్షరాల కోడ్‌తో సుమారు నాలుగు మీటర్ల చదరంలో మన గుమ్మం ఎక్కడుందో చెప్పేస్తుంది. బరువైన పార్సిల్ వస్తోందని తెలిస్తే మెయిన్ రోడ్డు దాకా మనమే ఎదురెళ్లొచ్చు.

ఎందుకంటే ‘రేపు రా అన్నా’ అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ రేపటి పెట్రోల్ శాఖ కొట్టించదు, మనమూ కొట్టించం. అది అన్న జేబులోంచే పోతుంది.