గుమికూడిన గొలుసులు - మెలితిరిగిన కాంతి

ఎడమకాలి చెప్పు కుడికాలికి సరిపడదు. కొలత ఒకటే, తోలు ఒకటే. అయినను ఒకటి రెండవదానికి అద్దములోని ప్రతిబింబము వంటిది. అణువులలోను ఈ కుడియెడమల భేదము కలదు. 1848లో లూయీ పాస్చర్ సోడియం అమ్మోనియం టార్ట్రేటు స్ఫటికములను రెండు కుప్పలుగా ఏరి, ఒకదాని ద్రావణము ధ్రువిత కాంతిని కుడికి, రెండవదాని ద్రావణము ఎడమకు త్రిప్పునని చూపెను. ఇట్టి అణువులను కైరల్ అణువులందురు.

కొన్ని పాలిమర్ గొలుసులలో ఏకబంధము, ద్విబంధము ఒకటి విడిచి ఒకటి వచ్చును. ఇవి సంయుగ్మ పాలిమర్లు. వీనిలో కొన్ని ఎలక్ట్రానులు ఒక్క బంధమునకే కట్టుబడక గొలుసు వెంబడి వ్యాపించియుండును. గొలుసు ఎంత చదునుగా నున్న, ఆ వ్యాప్తి అంత హెచ్చు; శోషించు కాంతి అంతగా ఎఱుపు వైపునకు జరుగును.

అట్టి పాలిథయోఫీన్ గొలుసునకు కైరల్ ప్రక్కకొమ్మలను తగిలించినచో ఏమగును? క్లోరోఫారమ్‌లో కరిగించినపుడు గొలుసులు వేటికవి వదులుగా నుండును. ద్రావణము పసుపు, నారింజ చాయలలో కనిపించును. దీనిపై వర్తుల ధ్రువిత కాంతిని, అనగా మరమేకు వలె కుడికో ఎడమకో తిరుగుచు సాగు కాంతిని, పంపుదము. ప్రధాన గొలుసు రెండు రకములను ఇంచుమించు సమానముగానే శోషించును. కొమ్మల కుడియెడమలు గొలుసునకు అంటలేదన్నమాట.

ఇప్పుడు కొంచెము మిథనాల్ కలుపుదము. అందులో గొలుసులు కరుగలేవు. కావున చదునై ఒకదానిపై నొకటి పేరుకొనును. రంగు ఊదాగా మారును. కొమ్మలు అడ్డుపడుటచే ప్రతి గొలుసు క్రిందిదానికంటె కొంచెము ఒకే దిక్కునకు మరలి, గుంపంతయు మెలిమెట్లవలె అమరును. ఇరుగుపొరుగు గొలుసులు కలిసి కాంతిని గ్రహించుటచే కుడి, ఎడమ కాంతుల శోషణలో భేదము స్పష్టమగును. ఒంటిగా నున్నపుడు దాగిన గుణము గుంపులో బయటపడినది.

1995లో నెదర్లాండ్సుకు చెందిన బౌమన్, మైయర్‌లు మరొక వింతను ప్రకటించిరి. ఇట్టి పాలిమర్ పొరను కరుగునంత వేడిచేసి, నెమ్మదిగా చల్లార్చిన ఒక గుర్తు, వేగముగా చల్లార్చిన దానికి వ్యతిరేకమైన గుర్తు శోషణ భేదములో కనిపించెను. అణువు మారలేదు, పేర్పు మారినది. కావున ఈ గుర్తును మాత్రమే చూచి అణువు కుడిదో ఎడమదో నిర్ణయింపరాదు.

దీనికి ప్రయోజనము లేకపోలేదు. అనేక ఓఎల్ఇడి తెరలలో బయటి వెలుగు ప్రతిఫలింపకుండ అమర్చు వడపోత, తెర ఇచ్చు కాంతిలో సుమారు సగమును మ్రింగివేయును. ఆ వడపోతకు తగిన దిక్కున తిరుగు కాంతినే వెలువరించు పదార్థము దొరకిన ఈ నష్టము చాలవరకు తగ్గును. అందుకు తగిన అణువును తయారుచేసినంత మాత్రమున చాలదు. అది తోటివానితో ఎట్లు గుమికూడునో కూడ మన అదుపులో నుండవలెను.