పాటలు ఏరిన వైద్యుడు

పిల్లలూ, అనంతపురం మెట్టసీమలో వాన ఎంత అపురూపమో మీరు వినే ఉంటారు. అక్కడ ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది కూడా చేను ఎండిపోతున్నప్పుడు రాదు, కోత కోసేవేళకు వస్తుంది! ఇప్పుడు ప్రపంచ పటం తీసి, మీ వేలు ఉత్తరధ్రువం వైపు జరపండి. రష్యాకు పడమటి పక్కన ఫిన్లండ్ అనే దేశం కనిపిస్తుంది. ఆ దేశంలో చిన్నవీ పెద్దవీ కలిపి లక్షా ఎనభై వేలకు పైగా సరస్సులున్నాయి.

అయితే అక్కడ కుంభవృష్టి కురుస్తుందని అనుకుంటున్నారా? అదేం లేదు. ఫిన్లండ్ ఉత్తర భాగాన పడే వానా మంచూ కలిపి కొలిస్తే, ఇంచుమించు అనంతపురం వానంతే ఉంటుంది. దక్షిణాన కాస్త ఎక్కువ. కాని అక్కడి చలికి నీరు తొందరగా ఆవిరైపోదు. పైగా, వేల ఏళ్ళ కిందట కొండలంత మందాన పేరుకున్న మంచు ఆ రాతినేలను గుంటలు గుంటలుగా దొలిచిపోయింది. ఆ గుంటలే సరస్సులు.

ఇన్ని నీళ్ళున్నా ఆ దేశం కరువు ఎరగనిది కాదు. మన సీమవాళ్ళు 1876లో మొదలైన ధాత కరువును తరతరాలు చెప్పుకున్నట్టే, వాళ్ళు 1866-68 నాటి కరువును చెప్పుకుంటారు. పంట చేతికి రాక, దేవదారు జాతి చెట్ల బెరడును పిండిలో కలిపి రొట్టెలు కాల్చుకు తిన్నారు.

అటువంటి బీద పల్లెల్లో ఒక ఆస్తి మాత్రం పుష్కలంగా ఉండేది. అది పాట. ఫిన్లండ్ 1809 దాకా స్వీడన్ కింద, ఆ తరవాత 1917 దాకా రష్యా చక్రవర్తి కింద ఉండేది. కచేరీలలోనూ బడులలోనూ స్వీడిష్ భాషదే పెత్తనం. ఫిన్నిష్ భాష పొలాల్లో, పొయ్యిల దగ్గర బతికింది.

ఎలియాస్ లోన్‌రోట్ అనే అతను 1802లో ఒక దర్జీ ఇంట పుట్టాడు. నానా కష్టాలు పడి చదువుకుని వైద్యుడయ్యాడు. కాని అతనికి పాటల పిచ్చి ఉండేది. 1828 నుంచి సంచీ భుజాన వేసుకుని కాలినడకన, పడవల మీద, మంచు మీద జారుతూ పల్లె పల్లె తిరిగి, ముసలివాళ్ళను బతిమాలి పాడించుకుని రాసుకునేవాడు.

1834లో అతను సరిహద్దుకు అవతల అర్హిప్ప పెర్తునెన్ అనే వృద్ధ రైతు ఇల్లు చేరాడు. ఆ ముసలాయన దాదాపు మూడు రోజులు పాడాడు. ఆయన తన తండ్రి సంగతి కూడా చెప్పాడు. రాత్రిపూట చేపలవేటకు పోయినప్పుడు, సరస్సు ఒడ్డున నెగడు వేసుకుని, తండ్రీ జతగాడూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని తెల్లవార్లూ పాడేవారట! ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి ఉంటే రెండు వారాలు రాసినా పాటలు తరిగేవి కావని ఆ వృద్ధుడు నొచ్చుకున్నాడు.

అలా ఏరిన పాటలను కథగా కూర్చి లోన్‌రోట్ 1835లో 'కలేవాలా' అనే కావ్యం వెలువరించాడు. 1849లో దాన్ని ఇంకా పెంచి యాభై ఖండాలు చేశాడు. ఆ పాటలలో ఒక తమాషా ఉన్నది. పాదాల చివర ప్రాస కలవదు గాని, ఒకే పాదంలో రెండు మూడు మాటలు ఒకే ధ్వనితో మొదలవుతాయి. మీరు బడిలో నేర్చుకునే యతికి ఇది దూరపు చుట్టం లాంటిది!

కలేవాలాలో వైనమోయినెన్ అనే ముసలి గాయకుడున్నాడు. ఒకనాడు అతని పడవ కదలకుండా ఆగిపోయింది. చూస్తే అది ఒక పెద్ద చేప వీపు మీద ఉన్నది. అతను కత్తితో ఆ చేపను నరికి, దాని దవడ ఎముకతో కాంతెలే అనే తంత్రీవాద్యం చేశాడు. చేప పళ్ళే దానికి బిరడలు. అతను దాన్ని మీటేసరికి అడవి మృగాలూ, పక్షులూ, చేపలూ గుంపులుగా వచ్చి విన్నాయి. విన్నవాళ్ళంతా ఏడ్చారు. వాయించేవాడూ ఏడ్చాడు. అతని కన్నీళ్ళు సరస్సులో పడి ముత్యాలయ్యాయి. తరవాత ఆ కాంతెలే నీటిపాలయింది. అప్పుడతను ఒక బర్చి చెట్టు కొయ్యతో ఇంకొకటి చేసి, ఒక కన్యను అడిగి ఆమె తలవెంట్రుకలను తీగెలుగా బిగించాడు. నిజమైన కాంతెలేను పూర్వం ఒకే కొయ్యలో తొలిచి అయిదు తీగెలు కట్టేవారు. ఇప్పటికీ ఆ దేశంలో దాన్ని వాయిస్తారు.

కాని లోన్‌రోట్ కాగితం ముఖ్యంగా పట్టుకున్నది మాటలను. వరుస ఎలా ఉంటుందో తెలియాలంటే పాడేవాళ్ళ నోట వినవలసిందే. జీన్ సిబేలియుస్ అనే యువ సంగీతకారుడు 1891లో లారిన్ పరాస్కె అనే పల్లెటూరి స్త్రీ పాడుతుంటే వెళ్ళి విన్నాడు. ఆమెకు ముప్పై వేలకు పైగా పాదాలు నోటికి వచ్చును! మరుసటి ఏడే అతను కలేవాలాలోని కుల్లెర్వో కథకు పెద్ద సంగీతం కట్టాడు. 1899లో 'ఫిన్లండియా' రచించాడు. అది రష్యా పెత్తనం బిగుస్తున్న కాలం. అందుచేత ఆ సంగీతాన్ని కొన్ని చోట్ల వేరే పేర్లు పెట్టి వాయించవలసి వచ్చింది. సిబేలియుస్ పేరు ప్రపంచమంతా పాకింది. పరాస్కె మాత్రం 1904లో కటిక దారిద్ర్యంలో చనిపోయింది.

చిత్రమేమంటే, లోన్‌రోట్ నడుస్తున్న ఆ రోజుల్లోనే మన దేశంలోనూ ఒకాయన పద్యాలు ఏరుతున్నాడు. ఆయనే సి. పి. బ్రౌన్ దొర. తాటాకు ప్రతులు తెప్పించి, పండితుల చేత సరిచూపించి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. బ్రౌన్ తెలుగు నిఘంటువు చేశాడు, లోన్‌రోట్ ఫిన్నిష్ నిఘంటువు చేశాడు. ఒకరినొకరు ఎరగని ఈ ఇద్దరూ 1884లోనే కన్నుమూశారు! వేమన సమాధి అని చెప్పే చోటు కదిరి దగ్గర కటారుపల్లెలో ఉన్నది. 2022లో జిల్లాలు విడదీసేదాకా అది అనంతపురం జిల్లాయే.

మాట దొరికి వరుస పోవడం మనకూ జరిగింది. 1922లో తిరుమల గుడిలో అన్నమాచార్యుల కీర్తనల రాగిరేకులు బయటపడ్డాయి. రేకుల మీద రాగం పేరున్నది గాని, స్వరం లేదు. ఆయన ఎలా పాడారో చెప్పే రేకు ఒక్కటీ లేదు! అప్పుడు ఎన్నో కీర్తనలకు వరుసలు కట్టినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. 1893లో ఆయన పుట్టిన రాళ్ళపల్లి గ్రామం అనంతపురం సీమలోదే. ఆయన వేమన మీద గొప్ప పుస్తకం కూడా రాశారు.

ఇక ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరున్నది. అక్కడివారు మేకతోలును పలచగా చేసి, రంగులద్ది, ఆళ్ళు పొడిచి తోలుబొమ్మలు చేస్తారు. వానలు లేని ఏడు విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందని పల్లెలవాళ్ళ నమ్మకం. కురిసేదో లేదో గాని, ఊరంతా తెల్లవార్లూ మేలుకుని తెర ముందు కూర్చునేది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అక్కడ అదే తోలుతో దీపాల మీద కప్పే బుట్టలు ఎక్కువగా తయారవుతున్నాయి. అవి అందంగా ఉంటాయి, అమ్ముడూ పోతాయి. ఆట పాట నేర్వాలంటే మాత్రం తెర వెనక పెద్దవాళ్ళ పక్కన రాత్రులు గడపాలి.

వాన ఆలస్యమైన ఏడు మీ వీధిలోకి కప్పతల్లి ఊరేగింపు వస్తే, రోకలికి కట్టిన కప్ప మీద నీళ్ళు పోయడానికి మీ అవ్వ చెంబు పట్టుకుని బయటికి వస్తుంది. చుట్టూ పిల్లలు పాడే పాటలో రెండు చరణాలే ఉంటాయి. మిగతా చరణాలు తనకు వచ్చునేమో ఆమెను అడగండి. మాటలు రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం చాలు. వరుస కోసం ఆమె చేత నాలుగుసార్లు పాడించుకోవాలి.