రాగా జాజ్ స్టైల్: మాటలు లేని ఒక బొంబాయి రికార్డు



శంకర్–జైకిషన్ పేరు వినని పాటల ప్రియులు మన సరిహద్దు జిల్లాల్లో ఉండరు. అయితే 1968లో వారు సినిమాతో సంబంధం లేకుండా, కేవలం వాద్యాలతో ఒక రికార్డు చేశారన్న సంగతి చాలామందికి తెలియదు. దాని పేరు ‘రాగా జాజ్ స్టైల్’. వాద్య సంగీతం ఇష్టపడే మిత్రులు తప్పక వినవలసిన రికార్డు అది.

జాజ్ అంటే అమెరికాలోని నల్లజాతి ప్రజల్లో పుట్టిన సంగీతం. మన విద్వాంసుడు రాగం కట్టుబాటులో అప్పటికప్పుడు స్వరాలు అల్లినట్టే, జాజ్ వాద్యకారుడు కూడా ఒక వరుస పట్టుకొని అల్లుకుంటూ పోతాడు. ఆ పోలికే ఈ రికార్డుకు పునాది. ఇందులో 11 రాగాలున్నాయి. రయీస్ ఖాన్ సితార్ రాగాన్ని నిలబెడుతుంది. శాక్సఫోన్, ట్రంపెట్ దానికి బదులు పలుకుతాయి. కింద ఒక పక్క తబలా, మరో పక్క డ్రమ్ములు నడుస్తుంటాయి.

హిందుస్తానీ పేర్లు చూసి బెదరనక్కరలేదు. మాల్‌కౌంస్ అంటే మన హిందోళమే. భైరవ్ మన మాయామాళవగౌళకు, బైరాగి మన రేవతికి, కలావతి మన వలజికి దగ్గర. శివరంజని సంగతి చెప్పనే అక్కరలేదు, అది సినిమా పాటల్లో విన్నదే. మొదట అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఒక్కొక్కటీ సినిమా పాటంత నిడివే కాబట్టి, గంటసేపు సాగే ఆలాపన కోరుకునేవారికి ఆకలి తీరకపోవచ్చు. అది ఈ రికార్డు పరిమితి.

దీన్ని మీకు ప్రత్యేకించి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. శంకర్ హైదరాబాదులో పెరిగినవాడు, తెలుగు తెలిసినవాడు. 1955లో వచ్చిన ‘శ్రీ 420’ సినిమాలోని ‘రామయ్యా వస్తావయ్యా’ పాటకు ఆ తెలుగు మాటలు ఆయన నోటి నుంచే వచ్చాయని చెబుతారు. బొంబాయికి ఆ భాష కొత్త కాదు. నిజాం ఇలాకా నుంచి కూలికి వెళ్ళిన మనవాళ్ళు 200 ఏళ్ళ కిందటే అక్కడ స్థిరపడ్డారు. కామాటీలు ఉన్న పేట కనుక కామాటిపురా అయింది. ఇవాళ ఆ పేరు వినగానే లోకం వేరే సంగతి తలుస్తుంది గాని, అసలు అది రాళ్ళు మోసి గోడలు కట్టినవారి పేరు. వాళ్ళు కట్టిన మేడల మీద మాత్రం వాళ్ళ పేర్లు లేవు.

సినిమా వాద్యబృందాల గతీ అంతే. పాట మనకు తెలుసు, పాడినవారు తెలుసు. మధ్యలో ఆ ట్రంపెట్ ఊదిందెవరో తెలియదు. ఈ రికార్డులో మాత్రం వారెవరో తెలుసు: శాక్సఫోన్ మనోహరి సింగ్, ట్రంపెట్ జాన్ పెరీరా, పియానో లూసిలా పషేకో, డ్రమ్ములు లెస్లీ గొడిన్హో, బాస్ ఎడ్డీ ట్రవాస్, గిటార్లు దిలీప్ నాయక్, అనీబాల్ కాస్ట్రో, వేణువు సుమన్, తబలా రమాకాంత్. వీరిలో పలువురు గోవా మూలాలవారు. పాట వెనుక ఉండేవారు ఇక్కడ ముందుకు వచ్చి కూర్చున్నారు. అందుకే ఇది నాకు ఇంత ఇష్టం.

పాత రికార్డులు సేకరించేవారు బొంబాయి వెళితే, కామాటిపురా నుంచి నడిచిపోయేంత దూరంలోనే చోర్ బజార్ ఉంది. అక్కడి అంగళ్ళలో వెతకవచ్చు. అంత దూరం పోలేనివారు ఇంటర్నెట్‌లో వినవచ్చు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, బడిలో ఉర్దూయో హిందీయో మాట్లాడే మన జిల్లాలవారికి మాటలు లేని ఈ సంగీతం పరాయిది కాదు. వినేటప్పుడు ఒక పని చేయండి. ట్రంపెట్ మోగినప్పుడు, ఇది జాన్ పెరీరా అని ఒకసారి అనుకోండి.