జిల్లా మారితే కోడంతా తవ్వాలా?

2022 ఏప్రిల్ 4న ఆంధ్రలో 13 జిల్లాలు కాస్తా 26 అయినయ్. మన సత్తెనపల్లి గుంటూరు జిల్లా వదిలి, నరసరావుపేట కేంద్రంగా పుట్టిన పల్నాడులో కలిసింది. ఊరు కదల్లా, చేను కదల్లా, అడ్రసు మాత్రం మారింది. బీటెక్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జావా పాఠం ఇందులోనే ఉంది.

మిర్చి బిల్లులేసే ప్రోగ్రామ్ ఒకటుందనుకోండి. బిల్లు కాడ, రిపోర్టు కాడ, మెసేజ్ పంపేకాడ ఎక్కడికక్కడ "గుంటూరు" అని కొట్టేశారు. జిల్లా మారినాక అన్నిటినీ వెతికి "పల్నాడు" చేస్తే పనైపోద్దా? అవదు. యార్డు గుంటూరులోనే ఉంది, దాని పేరూ మారిపోద్ది. తెనాలి రైతు ఇప్పటికీ గుంటూరు జిల్లావాడే, ఆయన్నీ పల్నాటికి తోలేస్తారు. 2021 నాటి సత్తెనపల్లి బిల్లులో ఉండాల్సింది గుంటూరే, అదీ చెడిపోద్ది.

ఇట్టాంటి తిప్పలు తగ్గించడానికే క్లాసులు, ఆబ్జెక్టులు. "మండలం" అని ఒక క్లాస్ పెట్టండి. ఫలానా తేదీన నీది ఏ జిల్లా అని దాన్నే అడగండి. జవాబు ఎట్టా దాచుకుందో బిల్లుకి అక్కర్లా. రేపు మళ్లీ జిల్లాలు విడగొట్టినా మార్చేది ఒక్కచోటే. పరీక్ష కోసం బట్టీపట్టే ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఇదే.

పేర్ల సంగతీ చూడండి. "టెంప్2" అంటే ఎవరికి తెలుస్తది? "తాలు తీసిన బరువు" అని పెడితే చదివినోడికి ఇట్టే అర్థమైపోద్ది. తూకం, తరుగు, కమీషన్, ప్రింటు అన్నీ ఒకే మెథడ్‌లో కుక్కబాకండి. తరుగు లెక్క మారిస్తే ప్రింటు ఆగిపోకూడదు కదా. ఒక్కో మెథడ్‌కి ఒక్కో పని అప్పజెప్పండి.

కోడ్ మార్చేముందు టెస్టు రాసుకోండి. 40 కిలోల టిక్కీలు పది, క్వింటా 15,000 అనుకుంటే ఖర్చులు పోకముందు 60,000 రావాల. మార్చిన ప్రతిసారీ ఆ టెస్టు నడపండి. అంకె తేడా వస్తే రైతు చేతికి బిల్లు వెళ్లకముందే దొరికిపోద్ది.

కోడ్ రాసేది ఒకసారి, చదివేది పదిసార్లు. ఉద్యోగంలో మీకు ముందు దొరికేది వేరేవాళ్ల పాత కోడే, మీది ఇంకొకళ్లు చదువుతారు. ఈ వారమే మీ కాలేజీ ప్రాజెక్టు తెరిచి, ఒకే సంగతి మూడుచోట్ల ఎక్కడ కొట్టారో వెతకండి. అక్కణ్ణించే మొదలుపెట్టండి.