ఒకే నియమము, మూడు ప్రోగ్రాములు

అశోక్‌నగర్ వీధులలో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో పోటీపరీక్షలకు చదువుకొను యువకులకు మార్కు విలువ ఒకరు చెప్పనక్కరలేదు. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రిలిమినరీ పరీక్ష మొదటి పత్రములో 100 ప్రశ్నలకు 200 మార్కులు. ఒప్పు జవాబుకు 2 మార్కులు. తప్పు జవాబుకు అందులో మూడవ వంతు తగ్గింతురు. ఆ మూడవ వంతు 0.666... అని సాగిపోవునే గాని ముగియదు. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

ఒక శిక్షణాలయములో నమూనా పరీక్షకు మూడు చిన్న ప్రోగ్రాములు, అనగా స్క్రిప్టులు, ఉన్నవనుకొందము. ఒకటి మార్కుల చీటీని అచ్చువేయును. రెండవది ర్యాంకులు కట్టును. మూడవది తలిదండ్రులకు ఫోనులో కబురు పంపును. వేరువేరు చేతులు వ్రాసినవి గనుక తగ్గింపును ఒకరు 0.66 అనియు, ఒకరు 0.67 అనియు, ఒకరు 2/3 అనియు వ్రాసిరి. ఒక విద్యార్థికి 70 ఒప్పులు, 30 తప్పులు. వేరొకరికి 69 ఒప్పులు, 27 తప్పులు. మొదటి లెక్కలో 120.20, 120.18, మొదటివాడు ముందు. రెండవ లెక్కలో 119.90, 119.91, రెండవవాడు ముందు. మూడవదానిలో ఇద్దరికిని 120. చీటీలో ముందున్నవాడు ర్యాంకుల పట్టికలో వెనుకబడిన, ఆ పట్టికను ఎవరు నమ్ముదురు?

దీనికి మందు మాడ్యూలు. పైథాన్ భాషలో తగ్గింపు విలువను, మార్కులు కట్టు సూత్రమును ఒక ఫైలులో ఉంచి, దానికి 'నియమాలు' అని పేరు పెట్టుదము. మూడు స్క్రిప్టులును ఆ ఫైలును 'ఇంపోర్టు' చేసికొనును. ఆపైన ఏ స్క్రిప్టులోను ఆ అంకె కనబడరాదు. కమిషన్ పేరును సైతము అచ్చటనే ఉంచవలెను. 2014లో ఏర్పడిన మన రాష్ట్ర కమిషన్ సంక్షిప్తనామము టీఎస్‌పీఎస్సీ 2024లో టీజీపీఎస్సీ అయినది గదా! రహస్య సంకేతపదములను మాత్రము ఇందులో వ్రాయరాదు. ఈ ఫైలు పదిమంది చేతులలో తిరుగును.

ఆలోచన క్రొత్తది కాదు. 1949లో కేంబ్రిడ్జిలో పని ప్రారంభించిన ఎడ్‌సాక్ యంత్రమునకు తరచు కావలసిన లెక్కలను కాగితపు టేపులపై వ్రాసి భద్రపరచిరి. విల్క్స్, వీలర్, గిల్ అనువారు దీనిపై 1951లో గ్రంథము ప్రకటించిరి. అయితే ఆనాడు ఆ టేపును ప్రోగ్రాము టేపులోనికి నకలు తీయవలసియుండెను. మూలమును దిద్దినను పాత నకళ్ళు దిద్దుబడవు. నేడు మాడ్యూలును పెన్‌డ్రైవులో ఎక్కించి ఒక్కొక్క కంప్యూటరులో వేసికొనువారు తిరిగి ఆ కాలమునకే పోవుచున్నారు!

మరొకటి. పైథాన్ ఒక స్క్రిప్టు నడచుచున్నంతసేపు మాడ్యూలును ఒక్కసారియే చదివి జ్ఞాపకముంచుకొనును. రేయింబవళ్ళు నడచు కబురుల స్క్రిప్టును ఆపి తిరిగి ప్రారంభించిన క్రొత్త విలువ అందును.

ఇక 2/3 విషయము. యంత్రము దశాంశములను కొంతవరకే నిలుపును గాన, ర్యాంకులకు భిన్నమే లేకుండ చేయుట నా మతమున మేలు. ఒప్పులను మూడింతలు చేసి తప్పులను తీసివేసిన చాలును: 210−30 = 180; 207−27 = 180. ఈ మార్పునకు ఇప్పుడు 'నియమాలు' ఫైలులో ఒక్క పంక్తి దిద్దిన సరిపోవును.