సంక్రాంతికి పచ్చని కయ్యలు.. దసరాకు కొత్త వడ్లు

నెల్లూరు: సంక్రాంతిని పంటల పండుగ అంటారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఆనాటికి సార్వా కోతలు ముగిసి ధాన్యం ఇళ్లకు చేరుతుంది. పెన్నా డెల్టాలో మాత్రం అప్పటికి కయ్యలన్నీ పచ్చగా ఉంటాయి. కొన్నిచోట్ల నాట్లే పూర్తి కావు. ఇక్కడి రైతు కొత్త వడ్లు చూసేది శివరాత్రి దాటాక ఒకసారి, నీళ్లున్న ఏడాది దసరాకు అటూఇటూగా మరోసారి.

జిల్లాకు ఈశాన్య రుతుపవనాలే ఆధారం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే వానలకు చెరువులు నిండితేనే పెద్ద పంట. తమిళంలో 'నెల్' అంటే వడ్లు. ఊరి పేరు దాని నుంచే వచ్చిందని కొందరు, నెల్లి చెట్టు నుంచి వచ్చిందని మరికొందరు చెబుతారు.

వేసవిలో నాటి, శరదృతువు నాటికి కోసే రెండో పంటను ఎడగారు అంటారు. పెన్నాపై నెల్లూరు వద్ద 1855లో, సంగం వద్ద 1886లో నిర్మించిన ఆనకట్టలు డెల్టా సాగుకు ఊపిరి పోశాయి. తర్వాత 78 టీఎంసీల సోమశిల వచ్చింది. మొదటి పంటకు పోను జలాశయంలో మిగిలిన నీటిని బట్టి ఎడగారుకు ఎన్ని ఎకరాలన్నది సాగునీటి సలహా మండలి సమావేశంలో తేలుతుంది.

ఎడగారుకంటూ ప్రత్యేకించి పండుగ లేదు. ఆ కోతల వేళకు వచ్చేది దసరా. ఆయుధపూజలో ఒకప్పుడు కొడవలి, నాగలి ఉండేవి. నేడు ట్రాక్టర్లకు, కోత యంత్రాలకు పసుపు కుంకుమలు పెట్టి గుమ్మడికాయ కొడుతున్నారు. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. పగలంతా ఉపవాసం, ఊయలలు, చంద్రోదయం తర్వాత గౌరీదేవికి బియ్యం, మినుముల పిండితో పోసిన అట్ల నైవేద్యం.

పంట ఇంటికి రాకున్నా సంక్రాంతికి లోటు చేయరు. కనుమనాడు నెల్లూరు పెన్నా తీరంలో ఏటి పండుగ జరుగుతుంది. ముంగిళ్లలో పెట్టిన గొబ్బెమ్మలను మహిళలు తెచ్చి నీటిలో కలుపుతారు. ఆ నీటి చలవతోనే పైరు ఎదిగేది.

చిక్కల్లా ఎడగారు కోతలతోనే. పెద్ద పంటకు ప్రాణం పోసే వానే ఈ వడ్లను తడుపుతుంది. ధాన్యంలో తేమ 17 శాతం మించితే ప్రభుత్వ కొనుగోలుకు అర్హత ఉండదు. తడిసిన పుట్టికి, అంటే 850 కిలోలకు, వ్యాపారి చెప్పిందే ధర. వడ్లను రోడ్డుపై ఆరబోసి, పట్టలు కప్పుకుని, మబ్బు చూస్తూ కాపలా పడుకునే దసరాలు డెల్టా రైతుకు కొత్త కాదు.